బాలింతను ఊరికి పిల్చుకొని పోవద్దు: నవజాత శిశువుల ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలకు బహిరంగ లేఖ

అవ్వలకు, తాతలకు, బిడ్డల నాయనలకు, మేనమామలకు నమస్కారం.

నేను తిరుపతిలో ఒక ఆస్పత్రిలో నవజాత శిశువుల ఐసీయూ నర్సుని. శ్రీకాళహస్తి, సత్యవేడు, పుత్తూరు, పాకాల, పలమనేరు వైపు నుంచి అంబులెన్సులో బిడ్డను తెచ్చి మా చేతికిచ్చేది మీరే. తలుపు మూసుకున్నాక వరండాలో దుప్పటి పరుచుకొని రోజుల తరబడి ఉండేదీ మీరే. లోపల ఏం జరుగుతోందో మీకు కనపడదు. పొద్దున డాక్టరు చెప్పే నాలుగు మాటలు, పాలవేళ తలుపు సందులోంచి ఒక చూపు, అంతే. ఆ టెన్షన్ ఎంతుంటుందో రోజూ చూస్తున్నాను కాబట్టి, రాత్రి డ్యూటీలో మేం ఏం చేస్తామో మొదటి నుంచి చెప్పాలనిపించింది.

రాయడానికి ఇంకా పెద్ద కారణం ఒకటుంది. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో మీలో చాలామంది బాలింతను ఊరికి పిల్చుకొని పోతున్నారు. "బిడ్డను మీరు చూసుకుంటారు కదా సిస్టరమ్మా, పచ్చి ఒళ్ళుతో ఈ పిల్ల ఇక్కడుండి ఏం చేస్తుంది?" అని అడుగుతున్నారు. ప్రేమతోనే అడుగుతున్నారని నాకు తెలుసు. ఏం చేస్తుందో చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి. చదవడం రానివాళ్ళకు పక్కనున్నవాళ్ళు చదివి వినిపించండి.

రాత్రి డ్యూటీ ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది. లోపలికి రాగానే గాజులు, ఉంగరాలు, వాచీ తీసేసి, మోచేతుల దాకా రెండు నిమిషాలు చేతులు కడుగుతాం. తర్వాత మధ్యాహ్నం డ్యూటీ సిస్టర్ ఒక్కో బిడ్డ దగ్గరా నిలబడి అప్పజెప్తుంది. మీ బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి కాలి పట్టీ మీద 'బేబీ ఆఫ్' అని రాసి తల్లి పేరు ఉంటుంది. ఎన్ని వారాలకు పుట్టింది, ఎన్నో రోజు, నిన్న ఎంత బరువు, ఇవాళ ఎంత, చివరిసారి పాలు ఎప్పుడు, పొట్ట ఉబ్బిందా, ఉచ్చ పోసిందా, సెలైన్ సూది ఎక్కడుంది, పెట్టి ఎన్ని రోజులైంది, ఆక్సిజన్ ఎంత శాతం అన్నీ చెప్తుంది. చెప్పింది విని ఊరుకోకూడదు. పట్టీ మీద పేరు చదువుతాను, పంపులో మందు ఎంత వేగంతో పోతోందో చూస్తాను, నోట్లో ట్యూబు ఎన్నో గీత దగ్గర ఉందో చూస్తాను, నోట్లో, ముక్కులో తెమడ లాగే సక్షన్ పనిచేస్తోందా, ఆ బిడ్డ మొహానికి సరిపోయే మాస్కు, చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగు పక్కనే ఉన్నాయా అని తాకి చూస్తాను. ఈ అరగంట మీరు బెల్లు కొట్టినా ఎవరూ రారు. మిమ్మల్ని పట్టించుకోక కాదు. ఒక బిడ్డ వివరం ఇంకో బిడ్డకు మారిపోకుండా ఉండాలంటే ఆ అరగంటలో మా చెవులు ఇంకెక్కడా ఉండకూడదు.

ఆ తర్వాత గంటగంటకూ చూసేది మొదట వేడి. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మే నెలలో బయట ఊరంతా మండిపోతున్నా లోపల బిడ్డ చల్లబడిపోగలదు, తడిసిన గుడ్డ ఒక్కటి చాలు. చల్లబడితే ఒంట్లో ఉన్న కొద్దిపాటి చక్కెరను వేడి పుట్టించుకోవడానికే ఖర్చు చేసేస్తుంది. షుగర్ పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది. మీరు 'బాక్సు' అనేదాన్ని మేం వార్మర్ అంటాం. అందులో బిడ్డ పొట్ట మీద ఒంటి వేడి కొలిచే చిన్న ప్రోబ్ అంటించి ఉంటుంది. అది ఊడితే, బిడ్డ చల్లబడిందనుకొని యంత్రం వేడి పెంచేస్తుంది. అందుకే యంత్రం చెప్పినా మళ్ళీ చేత్తో పొట్ట, పాదాలు ముట్టి చూస్తాం. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ అప్పుడే చలితో పెనుగులాడుతోందని అర్థం.

రెండోది ఊపిరి. చాలా ముందుగా పుట్టిన బిడ్డల మెదడుకు ఆగకుండా ఊపిరి తీసుకోవడం ఇంకా అలవాటు కాలేదు. నిద్రలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. 20 సెకన్లు ఆగితే, లేదా అంతకు ముందే గుండె నెమ్మదించినా ఒళ్ళు నీలం తిరిగినా, పరుగెత్తాల్సిందే. అలారం మోగగానే మేం ముందు బిడ్డను చూస్తాం, ఆ తర్వాతే మానిటర్‌ను. చాలాసార్లు ఆక్సిజన్ కొలవడానికి కాలికి కట్టిన ప్రోబ్ జారి ఉంటుంది, బిడ్డ హాయిగా ఉంటుంది. కొన్నిసార్లు బిడ్డ నిజంగానే ఊపిరి ఆపేసి ఉంటుంది. మెడ సరిచేసి, అరికాలి మీదో వీపు మీదో వేలితో రుద్దితే ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడుతుంది. కాకపోతే బ్యాగు, మాస్కు అందుకుంటాం. ఈ ఇబ్బంది తగ్గడానికి రోజూ కెఫీన్ మందు ఇస్తారు. తలుపు బయట మీకు టింగు టింగుమని వినపడే ప్రతి మోతకూ గుండె జారిపోనక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఆ మోతకు లోపల ఎవరో ఒకరు లేచి వెళ్ళారు.

చాలామంది నాయనలు మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ శాతం 92 అని చూసి "వంద రావడం లేదేం సిస్టర్, ఆక్సిజన్ పెంచండి" అంటారు. పెద్దవాళ్ళకు వంద మంచిదే. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టినప్పుడు 90 నుంచి 95 మధ్యే ఉంచుతాం. అంతకు మించిన ఆక్సిజన్ కంటి లోపలి పొరను, అంటే రెటీనాను దెబ్బతీస్తుంది. ఆ జబ్బును సమయానికి పట్టుకోకపోతే చూపు పోతుంది. అందుకే 34 వారాల లోపు పుట్టిన బిడ్డలకు, 2 కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు 30 రోజుల లోపు కంటి పరీక్ష చేయించాలి, మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాసిచ్చినా, బిడ్డ బాగుంది కదా అని కొందరు రారు. బయటికి చూస్తే ఆ కంట్లో ఏమీ తెలియదు. దయచేసి ఆ తేదీ తప్పవద్దు.

"ఇన్నిసార్లు రక్తం లాగుతున్నారేం" అని కోపగించేవాళ్ళూ ఉన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కిలో బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా 80, 90 మిల్లీలీటర్లు. కాబట్టి మేం కూడా తీసిన ప్రతి అర మిల్లీ చార్టులో రాసుకుంటాం. రెండు పరీక్షలు ఒకేసారి అయిపోయేలా చూడమని డాక్టర్లను అడుగుతాం.

ఇక పాలు. ఈ ఉత్తరమంతా దీని గురించేనని చెప్పినా తప్పులేదు.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ తడబడకుండా కలిసి జరగడానికి బిడ్డకు, కడుపులో ఉన్న వారాలతో కలిపి, దాదాపు 34 వారాలు నిండాలి. అంతకు ముందు పుట్టిన బిడ్డకు నోట్లోంచి కడుపులోకి సన్నటి ట్యూబు వేసి, రెండు గంటలకోసారి పాలు వదులుతాం. మొదట్లో అది ఎంతో తెలుసా? ఒక మిల్లీ, రెండు మిల్లీలు. సిరంజి పైకెత్తి పట్టుకుంటే పాలు వాటంతటవే దిగాలి, నెట్టకూడదు. నేను చేసే పనుల్లో ఇంతకంటే నిదానమైంది ఇంకోటి లేదు. పొట్ట ఉబ్బిందా, కక్కిందా అని చూసుకుంటూ రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుతాం. 34 వారాలు దగ్గరపడే కొద్దీ ఉగ్గుగిన్నెతో మొదలుపెడతాం. మీరు మీ పిల్లలకు పట్టిన ఉగ్గుగిన్నె ఆకారమే మా పలాడా కూడా. దాన్ని పట్టడంలో అవ్వలే మాకంటే నేర్పరులు.

ఆ రెండు మిల్లీలు తల్లి పాలే అయితే ఎంత మేలో నాకు మాటల్లో పెట్టడం కష్టం. నెలలు నిండకుండా కన్న తల్లికి వచ్చే పాలలో మాంసకృత్తులు, రోగాలను ఎదిరించే పదార్థాలు నెలలు నిండిన తల్లి పాలకన్నా ఎక్కువ ఉంటాయి. ముందుగా పుట్టిన బిడ్డకు ముందుగా వచ్చిన పాలే సరిపోయేలా ఆ శరీరం తయారై ఉంది. డబ్బా పాలు పట్టిన చిన్న బిడ్డల్లో పేగులు కుళ్ళిపోయే జబ్బు ఎక్కువగా వస్తుంది. నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు దాన్ని. అది వచ్చిన బిడ్డ పొట్ట ఒక రాత్రిలో గట్టిపడి నల్లబడుతుంది. దానికి మా దగ్గర ఉన్నవి యాంటీబయాటిక్స్, ఆపరేషన్. అది రాకుండా కాపాడేవాటిలో అన్నిటికంటే గట్టిది అమ్మ పాలు. ఏ మందుల షాపులోనూ అది దొరకదు. ఇంకో తల్లి దానం చేసిన పాలు దొరికే ఆస్పత్రులు తక్కువ.

మొదటి రెండు రోజులు వచ్చే పసుపు పచ్చని ముర్రుపాలను కొందరు ఇప్పటికీ పిండి పారబోయిస్తున్నారు. అవ్వలారా, మీ కాళ్ళకు దండం పెట్టి అడుగుతున్నాను, ఒక్క చుక్క కూడా పారబోయించవద్దు. ట్యూబులో పాలు వదిలే స్థితి లేని బిడ్డకు కూడా ఆ ముర్రుపాలు రెండు చుక్కలు చెంపల లోపలికి రాస్తాం.

పాలు రావడం లేదని అంటారు. మొదటి రోజుల్లో చుక్కలే వస్తాయి, అది లోపం కాదు. పాలు తీస్తేనే పాలు పడతాయి. బిడ్డ రొమ్ము పట్టలేదు కాబట్టి తల్లి చేత్తో గానీ పంపుతో గానీ తీయాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తీయాలి, అందులో రాత్రి కూడా తప్పనిసరి. పాలు ఊరేలా చేసే హార్మోను రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. రాత్రంతా తీయకుండా వదిలేస్తే కొన్ని రోజులకే పాలు వెనక్కి పోతాయి. ఊరికి వెళ్ళిన తల్లికి జరిగేది ఇదే. పక్కన బిడ్డ లేదు, ఏడుపు వినపడదు, రాత్రి లేపేవాళ్ళు లేరు. రొమ్ములు గడ్డకట్టి నొప్పి పుడితే ఏదో ఆకు కడతారు. వారం తిరిగేసరికి పాలు ఇంకిపోతాయి. మళ్ళీ రప్పించవచ్చు గానీ అది ఎంత కష్టమో నేను చాలామంది తల్లుల దగ్గర చూశాను.

కొందరు నాయనలు ఊర్లో పిండిన పాలను సీసాలో పోసి బస్సులో తెస్తారు. వాళ్ళ పట్టుదలకు నా మనసు కరిగిపోతుంది. కానీ తిరుపతి ఎండలో గంటల తరబడి బస్సులో వచ్చిన పాలను ఆ చిన్న కడుపులో పోయడానికి మాకు ధైర్యం చాలదు. తల్లి ఇక్కడే ఉండి తీసిస్తే అప్పటికప్పుడు పట్టేస్తాం, మిగిలింది పేరు, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజు లోపల వాడతాం.

అర్ధరాత్రి దాటాక మా యూనిట్ ఎలా ఉంటుందో చెప్తాను. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో ఒక షిఫ్టులో ముగ్గురు, నలుగురు బిడ్డలకు ఒక నర్సు ఉండాలి. ఐసీయూలో ఒక్కో పడకకు ఒక్కో నర్సు అంటుంది భారత నర్సింగ్ మండలి. రాత్రులు అంతకంటే చాలా ఎక్కువ మందిని చూడాల్సి వస్తుంది. రెండు గంటలకు పాలవేళ. ఒక బిడ్డకు పాలు వదులుతూ ఉంటే ఇంకో పక్క పంపు అలారం, అదే సమయానికి లేబర్ రూము నుంచి ఫోను: ఇరవై తొమ్మిది వారాల కవలలు పుట్టబోతున్నారు, వార్మర్లు సిద్ధం చేయండి అని. ఇంజెక్షన్ మోతాదు మిల్లీగ్రాములో పదో వంతులు. కలిపేటప్పుడు ఇంకో సిస్టర్ కూడా లెక్క చూడాలి, ఆ సిస్టర్ చేతిలో అప్పుడు ఇంకో బిడ్డ ఉంటుంది. మేం పరుగెత్తుతాం, మాకు అది కొత్త కాదు. కానీ అలాంటి గంటలో ఒక బిడ్డ ఏడిస్తే ఎత్తుకొని ఛాతీకి ఆనించుకొనే తీరిక మాకు లేదు. ఇది చెప్పుకోవడం నాకు బాధగా ఉంది. చెప్పకపోతే, 'మీరు చూసుకుంటారు కదా' అన్న మీ నమ్మకాన్ని అలాగే వదిలేసినట్టు అవుతుంది. సూది, ట్యూబు, మందు, లెక్క మేం చూసుకుంటాం. అమ్మ ఒళ్ళు మాత్రం మా వల్ల కాదు.

అమ్మ ఒళ్ళు అని ఏదో సెంటిమెంటుతో అనడం లేదు. అది వైద్యం. 1978లో కొలంబియా దేశంలో బొగొటాలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డలను తల్లుల గుండెలకు నిలువుగా కట్టి ఉంచడం మొదలుపెట్టారు. దాన్ని కంగారూ సంరక్షణ అంటున్నాం. మొదట్లో బిడ్డ కుదుటపడ్డాకే చేసేవాళ్ళు. తర్వాత భారతదేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది, మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బిడ్డలను కొందరిని పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచారు, కొందరిని పాత పద్ధతిలో కుదుటపడే దాకా ఆగి ఇచ్చారు. ఆగి ఇచ్చినవాళ్ళలో నూటికి దాదాపు 16 మంది నెల లోపల చనిపోయారు. వెంటనే ఇచ్చినవాళ్ళలో 12 మంది. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి, ఇంకా కొందరికి ఈ మేలు ఆపడం సరికాదని పరిశోధనను ముందే నిలిపేశారు. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలందరికీ పుట్టాక వీలైనంత త్వరగా ఇది మొదలుపెట్టాలనీ, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయాలనీ చెప్పింది.

రోజుకు ఎనిమిది గంటలు! తల్లి ఊర్లో ఉంటే అది ఎట్లా కుదురుతుంది?

చేసే తీరు కష్టమేమీ కాదు. బిడ్డకు టోపీ, సాక్సులు, డయపరు తప్ప ఏమీ ఉండవు. తల్లి రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలాగా కాళ్ళు మడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ మరీ వాలకుండా మరీ వెనక్కి పోకుండా పెట్టి, మీద గుడ్డతో కడతాం. ముక్కుకు సీపాప్, అంటే ఒత్తిడితో గాలి అందించే గొట్టం, ఉన్న బిడ్డను కూడా మేం దగ్గరుండి అలా పెట్టగలం. పెట్టిన కాసేపటికి మానిటర్ మీద అంకెలు మారడం నేను ఎన్నోసార్లు చూశాను. గుండె వేగం నిలకడగా వస్తుంది, ఊపిరి ఆగడం తగ్గుతుంది, పాదాలు వెచ్చబడతాయి. తల్లికి పాలు పడతాయి. పొద్దుటి నుంచి ఏడుస్తున్న ఆ పిల్ల మొహం కూడా తేటపడుతుంది. ఆ అంకెలు చూసినప్పుడల్లా మా దగ్గరున్న ఏ యంత్రమూ ఇంత పని చేయదనిపిస్తుంది.

తల్లికి జ్వరమొచ్చినా, సిజేరియన్ తర్వాత లేవలేకపోయినా, ఇంకో ఆస్పత్రిలో ఉన్నా నాయన చేయవచ్చు, అవ్వ చేయవచ్చు. చొక్కా విప్పి కూర్చోవడానికి సిగ్గుపడే నాయనలు మొదట్లో నేల చూపులు చూస్తారు. బిడ్డ ఛాతీ మీద పడుకున్నాక కదలమన్నా కదలరు. అత్తగారు కోడలి బిడ్డను కట్టుకొని కూర్చుంటే ఆ కోడలు రెండు గంటలు నిద్రపోగలుగుతుంది. ఒక్కసారి కట్టుకుంటే కనీసం గంటసేపు విప్పవద్దన్నదే మా నియమం.

మీ భయాలు నాకు తెలుసు. మాదీ చిత్తూరు జిల్లా పల్లెటూరే, మా ఇంట్లోనూ ఇవే మాటలు. ఏసీ గాలి తగిలితే బాలింతకు వాతం చేస్తుందంటారు. చెవుల్లో దూది పెట్టుకొని, స్వెట్టర్ వేసుకొని రమ్మనండి, మేం ఏమీ అనం. పత్యమని ఒంటిపూట అన్నం పెట్టి నీళ్ళు తగ్గించడం మాత్రం వద్దు. పాలు తీసే మనిషికి దాహమేస్తుంది, ఆకలేస్తుంది. మూడు పూటలా కడుపునిండా పెట్టండి: పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, రాగిసంగటి, మీ ఇంట్లో ఏముంటే అది. ఐరన్ మాత్రలు ఆపవద్దు. పదకొండో రోజు పురుడు స్నానం దాకా మైల, బిడ్డను ముట్టరాదని కొన్ని ఇళ్ళలో అంటారు. ఆ పదకొండు రోజులే బిడ్డకు అన్నిటికంటే గండం. పురుడు ఆనక అయినా చేసుకోవచ్చు. శ్రీవారి అక్షింతలు, తిరుచానూరు అమ్మవారి కుంకుమ, గంగమ్మ తాయెత్తు తెస్తారు. అవి తల్లి దగ్గర ఉంచండి, బిడ్డ ఒంటికి పూయవద్దు, కట్టవద్దు. నూలు తాడు కింద చర్మం ఒరుసుకుపోయి అక్కడి నుంచి చీము రక్తంలోకి పోయిన బిడ్డలను చూశాం. తేనె, వస, ఆముదం, కాటుక, ముక్కులో చెవుల్లో నూనె ఇవేవీ ఈ బిడ్డలకు వద్దు, ఇంటికి పోయాక కూడా వద్దు.

ఇంకొక మాట, ఇది కాస్త గట్టిగానే అంటున్నాను. "ఏడో నెలకే కనేసింది, ఏం తిన్నదో ఏం మోసిందో" అని ఆ పిల్ల వినేటట్టు వరండాలో మాట్లాడుకోవద్దు. బీపీ పెరగడం, ఉమ్మనీరు ముందే పోవడం, లోపల ఇన్‌ఫెక్షన్, కవలలు ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఏ కారణమూ తేలని కాన్పులూ చాలా ఉన్నాయి. గ్రహణం వల్ల కాదు, ఆమె చేసిన పని వల్ల కాదు. ఆ మాటలు విన్న పిల్ల లోపలికి వచ్చి బిడ్డను ముట్టుకోవడానికి కూడా భయపడుతుంది, పాలు తీయడానికి కూర్చుంటే ఏడుపే వస్తుంది. లోపల ఉన్నది ఆడబిడ్డ అయితే ఖర్చు లెక్కలు త్వరగా మొదలవడం కూడా మేం గమనిస్తూనే ఉన్నాం. వార్మర్ మీద పోరాడే బిడ్డకు ఆ తేడా లేదు, మీకూ ఉండకూడదు.

ఖర్చు సంగతి వచ్చింది కాబట్టి: 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో జబ్బు చేసిన పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళే బండి ఉచితం. మొదట నెల వయసు దాకా ఉండేది, తర్వాత ఏడాదికి పెంచారు. ఎవరైనా బయట కొనుక్కురమ్మంటే ఈ మాట అడగండి, అడగడం మీ హక్కు.

అధికారులెవరైనా ఇది చదివితే వాళ్ళతోనూ ఒక మాట. అదే పథకంలో తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు అని రాశారు. ఇరవై తొమ్మిది వారాలకు పుట్టిన బిడ్డ మా దగ్గర నెలకు పైగా ఉంటుంది. డిశ్చార్జి అయిన తల్లికి మంచం ఉండదు, అన్నం ఉండదు, స్నానానికి చోటు ఉండదు. ఆమె వరండాలో పడుకుంటుంది, లేదా ఊరికి పోతుంది. కుటుంబాలను నేను ఎంత బతిమాలినా, తల్లికి పడుకునే చోటు లేకపోతే అది వట్టి మాటే. సఫ్దర్‌జంగ్‌లో చేసినట్టు తల్లి మంచం, బిడ్డ వార్మర్ ఒకే గదిలో ఉండేలా కట్టవచ్చు. అది కట్టేదాకా కనీసం యూనిట్ పక్కన ఒక గది, వాలుకుర్చీలు, బాత్‌రూము, మూడు పూటలా భోజనం ఇవ్వండి. కొత్త యంత్రాలు కొనేటప్పుడు ఈ ఖర్చు కూడా అందులోనే రాయండి.

వరండాలో పడుకునేవాళ్ళకు: సామాన్లు తలుపుకు అడ్డంగా పెట్టవద్దు, లోపలి ప్లగ్గుల్లో ఫోన్లు చార్జింగ్ పెట్టమని అడగవద్దు. 2021 జనవరిలో మహారాష్ట్ర భండారాలో, 2024 నవంబరులో ఝాన్సీలో ఇలాంటి యూనిట్లలోనే మంటలు లేచి పసిబిడ్డలు చనిపోయారు. ఏదైనా జరిగితే మేం బిడ్డలను ఎత్తుకొని పరుగెత్తాల్సిన దారి మీరు పడుకున్న చోటే.

పొద్దున ఆరుకు బరువులు తూస్తాం. ఇరవై గ్రాములు పెరిగినా ఆ సంగతి మీకు చెప్పాలని నాకూ ఆత్రంగా ఉంటుంది. పుట్టిన మొదటి వారంలో బరువు తగ్గడం సహజం, దానికి బెంగపడవద్దు. ఎనిమిదికి పగటి సిస్టర్‌కు అప్పజెప్పి బయటికి వస్తుంటే మీరంతా చుట్టుముట్టి "బిడ్డ ఎట్లుండాది మా?" అని అడుగుతారు. బిడ్డ పరిస్థితి చెప్పాల్సింది డాక్టరు, అందుకే నేను ఎక్కువ చెప్పను. పాలు ఎన్ని మిల్లీలు తాగింది, అమ్మ పాలేనా, రాత్రి ఎన్ని గంటలు ఛాతీ మీద ఉంది, ఇవి మాత్రం అడగండి. వీటికి నేను నిలబడి జవాబు చెప్తాను.

తల్లిని ఉంచడానికి ఒప్పుకుంటే రేపు వచ్చేటప్పుడు ముందువైపు తెరుచుకునే వదులు నైటీలు రెండు మూడు, ఒక దుప్పటి, పెద్ద నీళ్ళ సీసా, మెత్తటి చెప్పులు, ఆమె మందులు తీసుకురండి. గాజులు, ఉంగరాలు, చేతికి కట్టిన దారాలు తీసేసి, గోళ్ళు కత్తిరించుకొని రమ్మనండి. ఇంట్లో పెద్ద బిడ్డ ఉంటే మీలో ఒకరు ఊర్లో ఉండి ఆ బిడ్డను చూసుకోండి, ఒకరు ఇక్కడ ఉండండి, వారానికోసారి మారండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు మాత్రం ఈసారికి రావద్దు. పాలు తీయడం మేం నేర్పిస్తాం. రాత్రి రెండు గంటల పాలవేళకు ఆమెను లేపి, తలుపు దాకా చెయ్యి పట్టుకొని తీసుకురండి. సిజేరియన్ కుట్లతో ఆమె ఒక్కతే మెట్లెక్కలేదు.

ఇట్లు,
నవజాత శిశువుల ఐసీయూ నర్సు, తిరుపతి